ఆకాశరామన్న ఆలివ్ కాయలు

టవర్ క్రేన్ మీద పద్నాలుగేళ్లు కూర్చున్న మనిషికి కింద నడిచేవాళ్ల మీద పెద్ద గౌరవం ఉండదు. అతనికి కనిపించేవి నెత్తులే. సైట్‌లో అందరూ అతన్ని ఆకాశరామన్న అనేవారు. పాపం, జన్మలో ఒక్క ఉత్తరం రాసి ఎరగడు. పొద్దున రెండు వందల పది మెట్ల నిచ్చెన ఎక్కేవాడు, సాయంత్రం దిగేవాడు. మధ్యలో క్యారియర్ తాడు కట్టుకుని పైకి వచ్చేది. అందులో వేయించనిది ఏదైనా ఉంటే పొరపాటున పడిందని లెక్క.

ఆ ఏడు వైద్యపరీక్షలో రక్తపోటు నూట యాభై రెండు వచ్చింది.

"మూడు నెలలు టైమిస్తాను," అన్నాడు కంపెనీ డాక్టరు. "మాత్రల జోలికి పోకుండా ముందు తిండి మార్చి చూద్దాం. మధ్యధరా భోజనం. గ్రీకులు ఇంట్లో తినేలాంటిది. బీపీ నూట నలభై లోపుకి దిగకపోతే మీరు దిగాలి."

దిగడమంటే నారింజరంగు కోటు తొడుక్కుని, పైన కూర్చున్న మరొకడికి చేతులూపుతూ సైగలు చెయ్యడం. ఆకాశరామన్న ఇంటికొచ్చి ఆ మాట చెప్పి ముసుగుతన్ని పడుకున్నాడు.

భార్య మాత్రం వెంటనే కదిలింది. ఆమె గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు కుట్లు, అట్టలు వేస్తుంది. ఇరవై రెండేళ్ల సర్వీసు. మరమ్మతుకొచ్చిన గుట్టలో గ్రీకు వంటల పుస్తకం ఒకటి ఉన్నట్టు గుర్తొచ్చింది. వీపు విరిగి, అట్ట ఊడి, ఒంటినిండా ఎవరి వంటో పూసుకుని ఉంది. అడిగి ఇంటికి తెచ్చుకుంది.

"వంటపుస్తకం ఎంత మురికిగా ఉంటే అంత నమ్మొచ్చు," అంది.

మొదటి రాత్రి టమాటాలో ఉడికిన తెల్ల చిక్కుడుగింజలు, వెల్లుల్లి కలిపిన పెరుగులో కీరా తురుము, ఆలివ్ నూనె, నిమ్మకాయ, ఒక గుట్ట ఆకులు.

"ఇదేంటి?"

"భోజనం."

"ఎవరిది?"

"గ్రీకులది."

"వాళ్లు తినకుండా మనకెందుకు పంపారు?"

"మీ బీపీ సంగతి తెలిసి జాలిపడ్డారు. తినండి."

కక్కలేక మింగలేక వారం గడిచింది. రెండో వారంలో అతనికి నల్ల ఆలివ్ కాయలు నోటికి పట్టాయి. ఆ వెనకే తెల్లగా పొడిపొడిగా రాలే గొర్రెపాల చీజ్. ఈ రెంటి కోసం మిగతా ఆకులన్నిటినీ ఓర్చుకున్నాడు. మొగుడు గ్రీకు తిండికి అలవాటు పడ్డాడని మురిసిపోయి, ఆమె రెండ్రోజులకో సీసా కాయలు క్యారియర్‌తో పైకి పంపడం మొదలెట్టింది. మంచినీళ్లు కూడా మునుపటికన్నా రెట్టింపు తాగుతున్నాడు. అదీ మంచికే అనుకుంది.

ఒక మధ్యాహ్నం వాకీటాకీలో మేస్త్రీ పిలిచాడు.

"అన్నా, నా హెల్మెట్ మీద ఏదో పడింది. బోల్టులేమైనా ఊడుతున్నాయా?"

"గింజలేరా. నా ఆరోగ్యం రాలుతోంది, పక్కకి నిలబడు."

మూడు నెలలకు ఆరు కిలోలు తగ్గాడు. బెల్టుకు రెండు కొత్త బెజ్జాలు పడ్డాయి. రక్తపోటు నూట యాభై ఎనిమిది.

డాక్టరు రెండు చేతులకూ మార్చి మార్చి చూశాడు. ఏం తింటున్నారని అడిగాడు. భార్య చేపల నుంచి చిక్కుళ్ల దాకా తడుముకోకుండా అప్పగించింది.

"ఉప్పు?"

"చిటికెడు. కొలిచి వేస్తాను," అంది. నిజమే చెప్పింది.

"రెండు వారాలు చూస్తాను. అప్పటిదాకా నిచ్చెన ముట్టుకోవద్దు."

ఆకాశరామన్న కోటు తొడుక్కున్నాడు. పైకి వేరే సైటు నుంచి ఒకణ్ని తెచ్చారు. ఆ కుర్చీలో పరాయివాడు కూర్చుని ఇనుప కడ్డీల మోపుని ఉయ్యాలలా ఊపుతుంటే ఇతను పళ్లు నూరుతూ చేతులూపాడు. నాలుగు రోజులు చూసి, ఇంటికొచ్చి ఒకే మాట అన్నాడు.

"నీ గ్రీకులు నన్ను దించేశారు."

ఆమె లేచి వంటింట్లోంచి ఆ పుస్తకం తెచ్చి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు పుస్తకాన్ని కుట్టడానికి గ్రంథాలయం పనిగదిలో బల్ల మీద పెట్టింది. కుట్టేముందు పేజీలు లెక్కపెట్టాలి. అది ఆ పనిలో మొదటి పాఠం. వంటింట్లో అది పని పుస్తకం కాదు గనక లెక్కపెట్టలేదు. నలభై ఐదు తర్వాత నలభై ఎనిమిది వచ్చింది. మధ్యలో రెండు పేజీలు ఎవరో ఒలకబోసిన తేనెతో మొహాలు అతికించుకుని ఉన్నాయి. కెటిల్ ఆవిరి పట్టి, పల్చటి బద్దతో మెల్లగా విడదీసింది.

సీసాల్లో అమ్మే ఆలివ్ కాయలూ ఈ చీజూ ఉప్పునీళ్లలో నిలవ ఉంటాయని, వాడే ముందు ఒక రోజు మంచినీళ్లలో నానబెట్టి రెండుసార్లు నీళ్లు మార్చాలని, మనిషికి రోజుకు నాలుగు కాయలు చాలని రాసి ఉంది.

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. ఇరవై రెండేళ్లలో పేజీ వదిలిన పుస్తకం ఆమె చేతిలోంచి పోలేదు.

సాయంత్రం చెప్పులు విప్పకముందే చెప్పేసింది. "తప్పు నాదే."

అతను కుర్చీ లాక్కుని తీరుబడిగా కూర్చున్నాడు.

"ఇంకోసారి చెప్పు."

"వినపడిందిగా."

"పదిరోజులకోసారైనా వింటే బీపీ తగ్గేట్టుంది."

"సీసాలు సీసాలు మింగింది ఎవరో కూడా చెప్పమంటారా?"

అతను కాళ్లు కడుక్కోవడానికి లేచాడు.

మిగిలిన రోజులు కాయలు గిన్నెలో నానాయి. రుచికి తడిసిన అట్టముక్కల్లా ఉన్నాయి. అతను రోజూ నాలుగు లెక్కపెట్టి నమిలాడు. చీజ్ కొరుకుతూ గోడవైపు చూశాడు. ఆఖరి రోజు డాక్టరు పట్టీ విప్పి, నూట ముప్పై ఎనిమిది అన్నాడు. ఆకాశరామన్న మరోసారి చూడమనలేదు. ఎందుకొచ్చిన గొడవ.

మర్నాడు నిచ్చెన ఎక్కాడు. మధ్యాహ్నం యంత్రం ఆపి, తాడు లాగి, క్యారియర్ తెరిచి, ఒక ముద్ద తిని ఇంటికి ఫోన్ చేశాడు.

"ఇందులో ఉప్పు లేదు."

"కింద బోలెడుంది," అంది భార్య. "దిగొచ్చి తినండి."

అతను ఫోన్ పెట్టేసి గిన్నె ఖాళీ చేశాడు.