బాలమణి కుడికాలు

పటాన్‌చెరు, ఇస్నాపూర్ మధ్య పన్నెండేళ్లుగా ఆటో నడుపుతున్న బాలమణిని ఒకరోజు ఎదురుదారిలో వచ్చిన లారీ గుద్దేసింది. మోకాలికి కాస్త పైన కుడి తొడ ఎముక నాలుగు ముక్కలైంది.

ఆసుపత్రి మంచం పక్కనే మరిది అంజయ్య తేల్చేశాడు. "ఇగ ఆటో ఏం నడుపుతవ్ వదినా? ఒకాయన కొంటనంటుండు, ఇచ్చేద్దాం."

"ఇరిగింది నా కాలు. బండికి అద్దమే గదా పగిలింది? కొత్తది ఏపియ్యి," అంది బాలమణి.

తొడంతా కోసి తెరవనక్కర్లేదని డాక్టరమ్మ కృష్ణప్రియ చెప్పింది. మోకాలి పక్కన చిన్న కోత పెట్టి, కండ కిందుగా ఎముక వెంట ప్లేటును పైకి జరిపి, చిన్న రంధ్రాల్లోంచి స్క్రూలు బిగించింది. ముక్కలకు రక్తం అందే దారి చెడకపోతే ఎముక బాగా అతుకుతుందట.

"నేను చెప్పేదాకా ఆ కాలి మీద బరువు వేయొద్దమ్మా. మోకాలు మాత్రం రేపటి నుంచే వంచాలి," అంది.

వంచినప్పుడల్లా ప్రాణం పోయినంత పనయ్యేది. చూడలేక అంజయ్య "వద్దులే వదినా" అంటే, "నువ్వు జెర అవతలికి పో, నిన్ను సూస్తే ఏడుపొస్తది" అని పంపేసి మళ్లీ వంచేది.

ఐదో నెలలో ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ నడవమంది. ఇంకో రెండు నెలలకు బండి నడపనిచ్చింది. మోకాలు ఇంకా పూర్తిగా వంగకపోయినా బాలమణి కుంటుకుంటూనే ఆటోస్టాండుకు వెళ్లింది.

"కింద కూసోనికి రాదంట గదా అక్కా, బండెట్ల నడుపుతవ్?" అని ఒక డ్రైవరు నవ్వాడు.

"నువ్వు కింద కూసొని నడుపుతున్నవా?" అంటూ ఆమె సీటెక్కి, కుడికాలితో బ్రేకు రెండుసార్లు గట్టిగా తొక్కి చూసుకుంది. తర్వాత "ఇస్నాపూర్, ఇస్నాపూర్!" అని కేకేసింది.