పోతిరెడ్డిపల్లి పరదేశి

1967 జూన్‌లో నన్ను సంగారెడ్డిలోని జిల్లా పోలీసు కార్యాలయానికి బదిలీ చేసి, విదేశీయుల నమోదు విభాగం అప్పగించారు. హోదా అప్పర్ డివిజన్ క్లర్కు. విభాగమంటే ఒక టేబులు, ఒక బీరువా, నేను. టేబులుకు మూడు కాళ్లే ఉండేవి. నాలుగో కాలి బాధ్యత కొన్ని ఇటుకలు మోసేవి. అయినా ఆ కుర్చీలో కూర్చున్న మొదటి పూటే నేను మెదక్ జిల్లాకు విదేశాంగ మంత్రినని నాకు తెలిసిపోయింది. మిగతా కార్యాలయానికి మాత్రం నేను రిటైరయ్యేదాకా తెలియలేదు.

పని ఇదీ. విదేశీ పాస్‌పోర్టు మీద వచ్చి ఎక్కువ కాలం ఉండదలచినవాళ్లు మా దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. నివాస పర్మిట్ తీసుకోవాలి, గడువు తీరేలోగా పొడిగించుకోవాలి, ఇల్లు మారినా, చాలా రోజులకు ఊరు విడిచినా ముందే చెప్పాలి. చట్ట ప్రకారం నమోదు అధికారి ఎస్పీగారు. ఆయన సంతకం చేసేవారు, ఎక్కడ చేయాలో నేను వేలితో చూపేవాణ్ణి. నా ఏలుబడిలో ఉన్న విదేశీ ప్రజానీకం ముగ్గురు: మిషన్ ఆసుపత్రిలో ఇద్దరు నర్సమ్మలు, ఒక పాదిరిగారు. ముగ్గురూ నాకంటే చాలా ముందే సంగారెడ్డి చేరినవాళ్లు. నా ఉత్తరాల్లో తెలుగు తప్పులుంటే పాదిరిగారు దిద్ది వెనక్కి పంపేవారు.

ఇలాంటి కరువులో నాకు విఠల్ సేట్ దొరికాడు.

విఠల్ సేట్‌కు పటాన్‌చెరులో రేకు డ్రమ్ముల ఫ్యాక్టరీ ఉండేది. ఆ డ్రమ్ముల మోత సంగారెడ్డికీ, గాలి అనుకూలిస్తే బొంబాయికీ వినిపించేది. పుట్టిందీ, పెరిగిందీ, కాపురమున్నదీ సంగారెడ్డి పక్కనే ఉన్న పోతిరెడ్డిపల్లిలోనే. కానీ ఆయనకు సముద్రాల అవతల బావమరిదితో కలిసి పెద్ద వ్యాపారం, ఆస్తులు ఉండేవి. ఆ రోజుల్లో ఆదాయపు పన్నుతోపాటు, ఉన్న ఆస్తి మీద ఏటా సంపద పన్ను అని మరొకటి ఉండేది. ఆదాయపు పన్నుకు మనిషి ఎక్కడ నివసిస్తున్నాడన్నదే లెక్క, పౌరసత్వంతో పని లేదు. సంపద పన్నులో మాత్రం ఒక సందు ఉంది. భారత పౌరుడు కానివాడు ఇక్కడే ఉన్నా, బయటి దేశంలోని ఆస్తిని లెక్కలోకి తీసుకోరు. సేట్ గారి ఆడిటరు ఆ సందును కనిపెట్టాడు. సేట్ అందులోంచి దూరి, మ్యాపులో ఈగ వాలితే కనబడకుండా పోయే ఒక దీవికి పౌరుడై, మళ్లీ పోతిరెడ్డిపల్లికే తిరిగొచ్చాడు.

పన్ను సంగతి నా శాఖ కాదు. మనిషి మాత్రం నా శాఖే. నాలుగో విదేశీయుడు గుమ్మంలోకి రాగానే నేను లేచి నిలబడ్డాను. ఇంగ్లీషులో స్వాగతం చెప్పాను.

“గదేంది సారూ, తెల్గుల మాట్లాడురి,” అన్నాడు విదేశీయుడు.

నమోదు ఫారం నింపడం మొదలుపెట్టాం. భారతదేశానికి రాక ఉద్దేశం అనే గడి వచ్చింది. “మా ఇంటికి నేను వచ్చిన. ఇంటికి ఎందుకొస్తరు?” అన్నాడు. కుటుంబ సందర్శనం అని రాసుకున్నాను. ఎన్నాళ్లు ఉంటారన్న ప్రశ్నకు, “సచ్చేదాంక,” అన్నాడు. ప్రస్తుతానికి ఏడాది అని రాశాను.

అంతటితో ఆగితే నేను విదేశాంగ మంత్రిని ఎలా అవుతాను? విదేశీయుడికి బస ఇచ్చిన హోటలు యజమాని ఆ సంగతి పోలీసులకు రాసివ్వాలని ఒక నిబంధన ఉంది. సేట్ ఉంటున్న ఇల్లు ఆయన భార్య పేరిట ఉంది కనుక, ఆవిడ కూడా రాసివ్వాలని నేను తీర్మానించాను. కాగితం పట్టుకొని స్వయంగా వెళ్లాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ అంతా విని, “మా పెండ్లయినకాంచి గీయింట్లనే ఉంటుండు సారూ. గిప్పుడు నేను రాసిస్తే మీరు తీస్కపోతరా?” అని ఆశగా అడిగింది. ఎస్పీగారు ఇది విని, ఇల్లు హోటలు కాదని నాకు చాలా మర్యాదగా బోధించారు. మరో పని మాత్రం నిబంధన ప్రకారమే చేశాను. ఫలానా ఆసామి పౌరుడు కాడు, ఓటర్ల జాబితాలోంచి పేరు తీసేయండి అని తహసీలుదారుకు రాశాను. తీసేశారు.

మరుసటి ఏడు పంచాయతీ ఎన్నికలొస్తున్నాయన్న మాట పుట్టింది. విఠల్ సేట్ తాత, తండ్రి ఊరి చావడిలో పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లు. ఇప్పుడు ఆ కుర్చీ కోసం ఆయన పెదనాన్న కొడుకు నర్సింగ్ తయారయ్యాడు. పోటీకి దిగుదామంటే సేట్‌కు ఓటే లేదు. ఆయన రొప్పుకుంటూ నా టేబులు దగ్గరికొచ్చాడు.

“నర్సింగ్‌గాడు సర్పంచ్ అయితే నేను వానికి దండం పెట్టాల్నా? నన్ను మల్ల ఇండియావోన్ని చెయ్యి సారూ. జెర జల్దీ.”

పుట్టుకతో భారతీయుడు గనుక ఆయనకు దారి ఉంది. కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవాలి. కలెక్టరు పోలీసు విచారణ నివేదిక కోరతారు. ఆమోదం వస్తే, బయటి దేశపు పౌరసత్వం వదిలి, విధేయత ప్రమాణం చేయాలి. దరఖాస్తుతోపాటు ఇద్దరు భారత పౌరులు, ఈయన మాకు తెలుసు, మంచి నడవడి గలవాడు అని ప్రమాణపత్రం ఇవ్వాలి.

ఆ ఇద్దరి దగ్గరే చిక్కొచ్చిపడింది. సంగారెడ్డి బజారులో సేట్ చాయ తాగని దుకాణం లేదు. కానీ ఒక్క వ్యాపారీ సంతకం పెట్టలేదు. ఈ కాగితం వెంట ఆదాయపు పన్నువాళ్లు తమ గడప ఎక్కుతారని వాళ్ల భయం. చివరికి మిగిలింది, చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చున్న హైస్కూలు హెడ్మాస్టరు శామ్యేలు, పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో హోటలు నడిపే ఖాజామియా.

సంతకాలు విచారణ రోజుకు తెస్తామని చెప్పి దరఖాస్తు ముందే పెట్టించాను. విచారణ సబ్ ఇన్‌స్పెక్టరు చేయాలి. నేను ఎస్పీగారిని బతిమాలి, సబ్ ఇన్‌స్పెక్టరు వెంట తోకలా ఖాజామియా హోటలుకు వెళ్లాను. సేట్, మాస్టారు అప్పటికే అక్కడ ఉన్నారు. అంతర్జాతీయ వ్యవహారం గనుక మండుటెండలో ఉన్ని కోటు వేసుకున్నాను. ఖాజామియా నాకు జ్వరమనుకుని అల్లం చాయ ఇచ్చాడు.

శామ్యేలు మాస్టారు పరీక్ష పేపరు దిద్దినట్టు ప్రమాణపత్రం చదివారు. జేబులోంచి ఎర్ర కలం తీశారు.

“తెలుసు అన్నకాడ సంతకం పెడత. మంచి నడవడి అన్నది కొట్టేస్త,” అన్నారు.

కొట్టివేతలుంటే కాగితం చెల్లదని నేను కోటులోంచి మనవి చేశాను.

“అయితే పెట్ట. విఠలా, నా పన్ను నా జీతం చేతికి రాకముందే కోస్తరు. నన్ను అడగరు. నాకు దీవులు దొర్కవు.”

“గట్లనకు శామ్యేలూ. మనం దోస్తులం గాదురా.”

“దోస్తువే. గందుకే అడుగుతున్న. ఎందుకు పోయినవు? ఎందుకొస్తున్నవు?”

హోటల్లో చాయ తాగేవాళ్లంతా కప్పులు దించారు. సేట్ నా వైపు చూశాడు. జన్మభూమి, ఋణం, రక్తం వంటి మాటలు రాసి నేను ఆయనకు ముందే ఇచ్చి ఉన్నాను. ఆయన ఆ చీటీ తీయనే లేదు.

“పోయింది పన్ను ఎగ్గొట్టనీకి. ఇగ వచ్చుడంటవా, నర్సింగ్‌గాడు సర్పంచ్ కావద్దని.”

మాస్టారు ఎర్ర కలం జేబులో పెట్టి, నల్ల కలం తీసి, సంతకం చేశారు. “బడిల ఉన్నప్పుడు గూడ గింత నిజం చెప్పలే,” అన్నారు. మాస్టారు పెట్టినంక నాదేముందని ఖాజామియా చేతులు తుడుచుకుని ఉర్దూలో పెట్టాడు.

విచారణ నివేదిక ముసాయిదా నేనే రాశాను. పోతిరెడ్డిపల్లి మట్టి వాసన, డ్రమ్ముల మోతలో వినిపించే దేశభక్తి, అన్నీ పెట్టాను. చదివి నాకే కన్నీళ్లు వచ్చాయి. ఎస్పీగారికి రాలేదు. ఆయన మొత్తం అడ్డంగా కొట్టి, “స్థానికుడు. అభ్యంతరం లేదు,” అని రాసి ఆ సాయంత్రమే పంపించారు.

పై కార్యాలయాల నడక ఎడ్లబండి నడక. ఆమోదం వచ్చేసరికి నామినేషన్లు, పోలింగు, ఊరేగింపు, అన్నీ అయిపోయాయి. నర్సింగ్ సర్పంచ్ అయ్యాడు. ఫలానా రోజు కలెక్టరు కార్యాలయంలో ప్రమాణం చేయాలన్న కబురు నేనే మోసుకెళ్లాను. ఇంట్లో ఆడిటరు కూర్చుని ఉన్నాడు. ఇంకా ఏమీ మించిపోలేదు, ప్రమాణం చేయకుంటే దీవి పౌరసత్వం అలాగే ఉంటుంది, సంపద పన్ను తప్పుతుంది, ఇప్పుడు సర్పంచ్ పదవి కూడా లేదు, ఇక దేనికి అని ఆయన వాదన. వాదనలో నాకు లోపం కనబడలేదు. పైగా నా నాలుగో విదేశీయుడు నాకు మిగులుతాడు. ఆడిటరుతో కలిసి నేనూ తల ఊపాను.

సేట్ అప్పుడు మొన్న జరిగింది చెప్పాడు. ఇంటి ముందు మురుగు మోరీ నిండి వాకిట్లోకి నీళ్లొస్తే గ్రామసభకు వెళ్లి అడిగాడట. నర్సింగ్ నవ్వి, “పరదేశోనివి, మా మోరీతోని నీకేం పని? పోయి మీ దీవిల అడుగు,” అన్నాడట. సభంతా నవ్విందట.

“నేను వాన్ని తిట్టాలె సారూ,” అన్నాడు సేట్. “సభల నిలబడి, పేరు పెట్టి తిట్టాలె.” ఆడిటరు వైపు తిరిగి, “ఎంతయితది చెప్పు,” అన్నాడు.

ఆడిటరు సంపద పన్ను అంచనా ఒక చీటీ మీద రాసి ముందుకు తోశాడు. సేట్ చూసి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత లోపలికి వెళ్లి, ప్రమాణం రోజుకని ఒక చొక్కా తెచ్చి ఇస్త్రీకి పంపాడు.

ప్రమాణం అయిన వారమే ఆయన గ్రామసభలో లేచి నిలబడ్డాడు. ఆ తిట్లు నేను స్వయంగా వెళ్లి విన్నాను. నర్సింగ్ ఎదురు తిట్టాడే తప్ప, నీకేం పని అనలేదు. మోరీ మాత్రం ఆ ఏడు బాగుపడలేదు.

తర్వాత నా సర్వీసులో ఇలాంటి దరఖాస్తులు మరికొన్ని నా టేబులు మీదకు వచ్చాయి. మట్టి వాసన గురించి ఎవరు ఎంత రాసినా నేను లెక్కలోకి తీసుకోలేదు, అందులో నేనే నిపుణుణ్ణి గనుక. ఒక మనిషి ఏ దేశపువాడో తేల్చాలంటే, ఏ ఊళ్లో ఎవరిని తిట్టే హక్కు కోసం ఎంత ఖర్చు పెట్టుకుంటాడో అడగాలి. ఆ ప్రశ్న మా ఫారంలో లేదు. నోటితో అడిగేవాణ్ణి.