ఆర్డర్ కోసం ఆపిన సాంచాలు

మా బావ బుచ్చయ్య ఓటు వేసిన ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది. ఎవరికి వేశాడన్నది కాదు నా బాధ. మైకు పట్టుకుని ఎవరేం ఇస్తామన్నా, అది అప్పుడే తన గడప దాటి లోపలికి వచ్చేసిందనుకుంటాడు.

సిరిసిల్లలో ఆయనకు నాలుగు సాంచాలున్నాయి. కరెంటుతో నడిచే మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. పెళ్లయినప్పటి నుంచీ వాటి మీద తెల్లగుడ్డే నేశాడు. పెద్దగా మిగిలేది కాదు గానీ పని మాత్రం ఎన్నడూ ఆగలేదు. నాది కోరుట్లలో చిన్న బట్టల దుకాణం. కలిసినప్పుడల్లా, చక్కెర ఫ్యాక్టరీ మూతపడిన మా వైపు చెరుకు రైతులను అడ్డం పెట్టుకుని నన్ను ఆటపట్టించేవాడు.

"ముత్యంపేట ఫ్యాక్టరీ తెరిపిస్తమంటె చాలు, మీవోళ్లు లైన్ల నిలవడి ఓట్లు గుద్దుతరు. ఎన్నిపార్లు నమ్ముతర్రా బామ్మర్దీ?" అని పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

అంత నవ్విన మనిషి ఏం చేశాడో చూడండి. కిందటి అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి వాళ్ల వాడకు వచ్చాడు. తమ పార్టీ గెలిస్తే సర్కారు జనానికి పంచే చీరలు నేసే ఆర్డర్ చిన్న ఇళ్లకూ ఇస్తామని, ఏడాది పొడవునా చేతినిండా పని ఉంటుందని చెప్పాడు. ఓట్లు ఇంకా పడనేలేదు. మా బావ ఇంటికి వచ్చి నాలుగు సాంచాల మీద ఉన్న తెల్లదారాన్ని కోసేశాడు.

ఇది బయటివాళ్లకు చిన్న విషయంగా కనిపించవచ్చు. సాంచా మీద నేత అయిపోవచ్చినప్పుడు పాత పోగుల కొసలు ఉంచి, కొత్త పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతుకుతారు. కొసలు కూడా లేకుండా కోసేస్తే మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవాలి. చీర అంచులో పువ్వు రావాలంటే పైన డాబీ అనే పెట్టె బిగించాలి. ఈయన పాత దారం తీసేసి, డాబీలు బిగించి, చీరల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. నేతపని తెలిసినవాడు కాబట్టే ఇంత ఘనకార్యం చేయగలిగాడు.

మా అక్క ఊర్మిల మొత్తుకుంది. "ఆర్డర్ రానియ్యి, అప్పుడు కొయ్యి. గింత తొందరేంది?"

"అప్పుడు అందరు ఒక్కపారే ఎగవడ్తరు. డాబీ బిగించెటోడు దొరుకుతడా? మనం ముందుగాల తయారుండాలె" అన్నాడు బావ.

అంతటితో ఆగలేదు. మెడలో కండువా వేసుకుని వాడంతా తిరిగాడు. తన సాంచాలనే చూపించి, నేనే నమ్మినప్పుడు మీకేం భయమని అందరితో ఓట్లు వేయించాడు. ఆ పార్టీ గెలిచింది. ఆయన మిఠాయి పంచాడు. ఈలోగా తెల్లగుడ్డకు దారం ఇచ్చే సేటు వేరే ఇళ్లను చూసుకున్నాడు.

చీరల ఆర్డర్ రాకపోలేదు, వచ్చింది. దాంతోపాటు ఒక షరతు కూడా వచ్చింది. నడుస్తున్న సాంచాలకే పని ఇస్తారట. చూసిపోవడానికి వచ్చిన అధికారి ఆ నాలుగింటి మీదున్న దుమ్మును వేలితో గీసి చూశాడు.

"గీ ఆర్డర్ కోసమే ఆపిన సార్" అన్నాడు బావ.

"ఆపమని మీకెవరు చెప్పిన్రు?"

 నిజమే, ఎవరూ చెప్పలేదు. గెలిచిన నాయకుడి ఇంటికి వెళ్తే, రూల్ రూలే కదా బుచ్చన్నా అని టీ తాగించి పంపించారు. ఆ టీ ఎట్లా దిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత బావ సాంచాలు నడుపుతున్న వేరే ఆసామి దగ్గర కూలికి చేరాడు. అక్క లంగాలు కుట్టడం మొదలుపెట్టింది. ఉన్న ఒక్క గదినీ సాంచాలు ఆక్రమించుకున్నాయి కాబట్టి మిషన్ వాకిట్లో వేసుకుంది. ఎండొస్తే గోడ వారకు, వానొస్తే చూరు కిందికి జరుపుకోవాలి. సాంచాలను పాత ఇనుము కింద అమ్మేసి గది ఖాళీ చేస్తే రెండు మోటారు మిషన్లు పెట్టుకోవచ్చన్నది ఆమె ఆశ. మొన్న మున్సిపల్ ఎన్నికల ముందు బావ సరేనన్నాడు. ఇనుప సామాను కొనే ఎల్లన్నను అక్క పిలిపించింది. తోడుగా ఉండమని నాకూ ఫోన్ చేసింది.

జగిత్యాలలో బస్సు మారి, ఆదరాబాదరాగా వెళ్లేసరికి వాకిట్లో ఎల్లన్న ట్రాలీ ఆటో ఉంది. బావ గది గడపకు అడ్డంగా కూర్చున్నాడు.

"నేను సాంచాలు అమ్మను. కొత్త సాంచాలు ఇస్తరట. పాత సాంచాలు ఉన్నోళ్లకేనట. నిన్న మీటింగుల చెప్పిన్రు" అన్నాడు.

"ఈయిన నమ్మిండని నేను ఇంకెన్నేండ్లు వాకిట్ల కూసోవాలె తమ్మీ?" అంది అక్క. 

నాకు ఒళ్లు మండింది. "ఒక్కపారి మునిగింది చాలలేదా బావా? వాళ్లు ఇచ్చేది లేదు, సచ్చేది లేదు!" అని అరిచాను.

ఆయన నా వైపు కాదు, సాంచాల వైపు చూశాడు.

"ఇయ్యరని నాకు తెల్వదనుకున్నవా? నమ్మితె ఇంకో అయిదేండ్లు నా సాంచాలు నా ఇంట్ల ఉంటయ్. నమ్మకుంటె గిప్పుడే నా చేతులతోని తూకమెయ్యాలె. ఏం జెయ్యమంటవో నువ్వే చెప్పు."

 వచ్చిన కోపాన్ని ఎవరి మీద పారేయాలో నాకు తెలియలేదు. ఎల్లన్న ఆటో తిప్పుకుని వెళ్లిపోయాడు. మబ్బు పట్టింది. అక్క మిషన్‌ను చూరు కిందికి జరుపుకుని, లంగాల మూట విప్పింది.