తెల్ల పిల్లకు నాది పూచీ

ఆ రోజుల్లో డిగ్రీలో జువాలజీ తీసుకున్నవాడికి ఒక కప్పను చక్కగా కోయడం వచ్చిందంటే చాలు, సగం డాక్టరైపోయినట్టే నడిచేవాడు. నేనూ అలాగే నడిచాను. మదనపల్లెలో పెద్దమ్మ ఇంట్లో ఉండి రెండో సంవత్సరం చదువుతూ, ఆదివారం వస్తే పుంగనూరు బస్సెక్కి, ఆ వారం నేర్చుకున్నదంతా ఇంట్లోవాళ్లకు అప్పజెప్పేవాణ్ణి. మా నాయనకు పశువుల దాణా అంగడి ఉండేది. తవుడు మూటల మధ్య కూర్చుని ఆయన నా ఉపన్యాసాలన్నీ వినేవాడు (బేరం వచ్చినప్పుడు మాత్రం చెయ్యెత్తి ఆపేవాడు). ఆ ఓపికకు ఇప్పుడు దండం పెట్టాలనిపిస్తుంది.

కుప్పంలో మా మేనమామ కుందేళ్లు సాకేవాడు. మా వైపు వాటిని చెవులపిల్లులంటాం. ఆయన మా చెల్లెలికి (ఇంట్లో అందరికీ పాప) ఒక జత ఇచ్చాడు. రెండూ బూడిదరంగువే. కానీ వాటి తల్లి తెల్లనిది. సరిగ్గా అప్పుడే కాలేజీలో వారసత్వం పాఠం అయింది. ఇక నన్ను పట్టేవాళ్లెవరు? అంగట్లో చీటీ వెనక నాలుగు గళ్లు గీసి నాయనకు పాఠం మొదలుపెట్టాను. తల్లి ఇచ్చిన తెలుపు ఈ రెండింటిలోనూ దాక్కుని ఉంటుంది, బూడిదరంగు దాన్ని బయటికి రానివ్వదు, తల్లి నుంచీ తండ్రి నుంచీ తెలుపే అందిన పిల్ల మాత్రం తెల్లగా పుడుతుంది, అలాంటిది నాలుగింట్లో ఒకటి అన్నాను. నాయన గళ్లను ఎగాదిగా చూశాడు.

“పుట్టకముందే రంగు జెప్తావా? సరే. ఆడది సూలుతో ఉండాది గదా. తెల్లది పుడితే పాపను గూడా కాలేజీకి పంపిస్తా, పో!”

ఆయన నవ్వులాటకే అన్నాడు. కానీ పాపకు అది నవ్వులాట కాదు. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసై, “ఇంగ సదువు యాల?” అని నాయన అంటే రెండు రోజులు వంటింట్లో ఏడ్చిన పిల్ల. సాయంత్రం నన్ను పెరట్లోకి లాక్కెళ్లి అడిగింది.

“అన్నా, నాలుగింట్లో ఒకటంటే కచ్చితంగా పుడతాదా?”

“పుట్టక యాడికి పోతాది? నాది పూచీ.”

తరువాతి ఆదివారం నేను ఇంట్లో ఉండగానే అయిదు పిల్లలు పుట్టాయి. అప్పటిదాకా నేను అప్పుడే పుట్టిన కుందేలుపిల్లను చూసిన పాపాన పోలేదు. ఒంటి మీద వెంట్రుక లేదు, అయిదూ లేత గులాబి రంగులో ఉన్నాయి. నేను వీధిలో అరుచుకుంటూ అంగడికి పరిగెత్తాను. “నాయనా, ఒకటి గాదు, అయిదూ తెల్లవే!” (నాలుగింట్లో ఒకటని చెప్పిన నోటితోనే అయిదుకు అయిదూ అంటున్నానని నాకు తట్టలేదు.) నాయన వచ్చి చూసి తల గోక్కున్నాడు. ఇచ్చిన మాట కదా! నా చేత మదనపల్లె నుంచి ఆడపిల్లల కాలేజీ అప్లికేషన్ పోస్టులో తెప్పించాడు. అమ్మ పాయసం చేసింది. అందులో పెద్ద గిన్నె నాదే.

మళ్లీ ఆదివారం బస్సు దిగి ఇంటికొస్తే పాప నన్ను నేరుగా పెరట్లోకి తీసుకెళ్లింది. గూటి తలుపు తీసి చూపించింది. అయిదు పిల్లలకూ ముద్దుగా వెంట్రుకలొచ్చాయి. అయిదూ బూడిదరంగే! అంగట్లో నాయన ఎదురుచూస్తున్నాడు.

“ఏమప్పా సైన్సూ, నీ తెలుపు యాడికి పాయె? తెల్లది ల్యా, కాలేజీ ల్యా.”

నేను తవుడు మూట వెనక చేరి తల దించుకున్నాను. నా గొప్పలకు పాప చదువు పోయింది. అంతలో పాపే అంగట్లోకి వచ్చింది. చేతిలో రెండు చింతగింజలు, అమ్మతో గవ్వలకు బదులు వేసి ఆడుకునేవి, ఒకవైపు బండ మీద తెల్లగా అరగదీసినవి.

“నాయనా, ఈ గింజ తల్లి, ఇది తండ్రి. నల్లవైపు బూడిద, అరగదీసినవైపు తెలుపు. రెండూ తెల్లగా పడితేనే తెల్లపిల్ల. అయిదు పిల్లలు గదా, అందుకని ఆటకు అయిదుసార్లేసినా. వారమంతా కూసోని ఇరవై ఆటలేస్తే, అయిదాటల్లో ఒక్క తెల్లపిల్ల గూడా పడల్యా. మనకు పడింది అట్లాంటి ఆట. పుస్తకం తప్పు గాదు, అన్న పూచీ పడిందే తప్పు.”

నాయన గింజలు తీసుకుని తనే వేయడం మొదలుపెట్టాడు. చెనక్కాయ చెక్క కోసం వచ్చిన చౌడేపల్లె రైతు నిలబడి నిలబడి మూట మీద కూర్చున్నాడు. చాలాసేపటికి నాయన తలెత్తి నా వైపు చూశాడు.

“నువ్వు సదివినావు. ఇది అర్థం జేసుకునింది.” తరువాత పాప వైపు తిరిగి, “ఆ అప్లికేషన్ యాడ పెట్టినావమ్మా? తీసకరా, సంతకం పెడతా” అన్నాడు. గడువుకు రెండు రోజులే ఉన్నాయి.

పాప కూడా పెద్దమ్మ ఇంటికే వచ్చింది. నాకంటే బాగా చదివింది, చివరికి జువాలజీ పాఠాలు చెప్పే ఉద్యోగమే చేసింది. మొదటి క్లాసుకు ఆ చింతగింజలే పట్టుకెళ్లిందట. వీధిలో అరుస్తూ పరిగెత్తిన ఆ తెలివితక్కువవాణ్ణి తలుచుకుంటే నాకు సిగ్గూ, నవ్వూ, వాడి మీద కొంచెం ప్రేమా వస్తాయి. వాడు అరవకపోతే అప్లికేషన్ ఇంటికి వచ్చేదే కాదు. నాయనకు మాత్రం ఎంత మొక్కినా తక్కువే. ఆయన ఆ ఏడాది మాకు రాసిన కార్డు ఇంకా నా దగ్గరుంది.

“రెండో ఈతలో రెండు తెల్లవి పుట్టినాయి. పాపకు జెప్పు. తొందరపడి రాయల్యా, వారమాగి వెంట్రుకలొచ్చినాక సూసి రాస్తాండాను.”