నరం అన్నారు, నేను నవ్వాను

నిన్న పొద్దున్న మిల్లుకు ఫోన్ వచ్చింది.

వీర్రాజు గారు పోయారు. గుండెపోటు.

రిసీవర్ పెట్టేసి వాళ్ళింటికి వెళ్ళాను.

మన రామచంద్రపురం జూనియర్ కాలేజీలో బయాలజీ ల్యాబ్ అటెండరుగా ఆయన ఇది చదువుతున్న మీలో చాలామందికి తెలుసు. నాకు మాత్రం గురువు. ఏడో తరగతితో చదువు మానేసి రైస్ మిల్లులో గుమాస్తాగా చేరిన నాకు, ఒక ఆదివారం మైక్రోస్కోప్‌లో ఉల్లిపొర చూపించారు.

గళ్ళు గళ్ళుగా కణాలు.

"మీ మిల్లు లాంటిదేనండి," అన్నారు. "కాటా వేసేవాళ్ళు ఒక జట్టు, మర ఆడించేవాళ్ళు ఒక జట్టు. ఒకే పని చేసే కణాల జట్టే కణజాలం. అలాంటి జట్లు నాలుగు కలిస్తే గుండో, కాలేయమో. అవన్నీ ఒకదానికొకటి పని అందించుకుంటేనే మనిషండి."

తర్వాత పాత జువాలజీ పుస్తకాలు తెచ్చి ఇచ్చారు. చదివాను. చదివినకొద్దీ గర్వం కూడా పెరిగింది.

మొన్న ఆదివారం టీ కొట్టు దగ్గర ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని, "నరం లాగేస్తోందండి. రాజమండ్రి వెళ్ళి చూపించుకోనా?" అని అడిగారు.

నేను నవ్వాను.

నలుగురి ముందు.

"ఇన్నేళ్ళు ల్యాబులో ఉండి అన్నిటికీ నరం అంటారేంటండీ? నరం కబురు మోస్తుంది. లాగేది కండరం. బామ్ రాసుకోండి, తగ్గిపోద్ది."

"డాక్టరు గారు చెప్పేశాక ఇంక రాజమండ్రి ఎందుకండి," అని ఆయనా నవ్వేశారు.

ఆ సాయంత్రం, రోజూ రాసుకునే నా చిట్టాలో 'వీర్రాజు గారికి నరానికీ కండరానికీ తేడా చెప్పాను' అని రాసుకున్నాను కూడా.

గుండెలో బాధ చేతిలో ఉన్నట్టు తెలిసేది నరాల వల్లేనట. నిన్న అక్కడికొచ్చిన అసలు డాక్టరు గారు చెప్పారు. వీర్రాజు గారన్న మాటే రైటు.

గుండె కూడా కండరమే. ఆ పేజీ నేను చదివాను. ఆ రోజు గుర్తు రాలేదు.

ఆయన భార్య నన్ను చూసి, "మీరు ఫర్వాలేదన్నారని ఎంత ధైర్యంగా ఉన్నారోనండి, అన్నయ్య గారూ," అన్నారు.

ఆ మాటలో కోపం లేదు. నేను తల దించుకుని వచ్చేశాను.

చెల్లెమ్మా, రాజమండ్రి వెళ్ళకుండా ఆయన్ని ఆపింది నేనే. మీ అమ్మాయి ఇది చదివి వినిపించేలోపే మీ గుమ్మంలోకి వచ్చి నోటితో చెబుతాను. ఆ తర్వాత మీరేమన్నా పడతాను.

వీర్రాజు గారూ, సెలవండి. మీకిక ఏ నొప్పీ వద్దు. ప్రశాంతంగా ఉండండి.