మరువపు రెమ్మ దాకా

ఆ రోజు ఏకాదశి అని గుర్తుకు వచ్చిన క్షణంలోనే నాకు భయం మొదలైంది. ఇంకా దీపాలు పెట్టే వేళ కాలేదు. కిటికీ దగ్గర నిలబడి నవల చేతిలోకి తీసుకున్నాను. వదిన పొద్దున చదివి గుర్తుగా పెట్టిన మరువపు రెమ్మ దగ్గర అది తనంతట తానే తెరుచుకుంది. రెమ్మ పక్కన, పుట అంచున, మినపగింజంత ఎర్రటి మరక. అలాంటి మరకలు ఆ పుస్తకం నిండా ఉన్నాయి. వాటిని చూసి నవ్వుకోవడం మాకు అలవాటు. నవ్వబోయి ఆగిపోయాను. ఏకాదశి నాడు వదిన తాంబూలం వేసుకోదు.

ఇది జరిగి ఏడాది దాటింది. ఇందాక నిద్రలో చిన్నవాడు రెండుసార్లు దగ్గాడు. మూడోసారి దగ్గుతాడేమో అని దీపం తగ్గించకుండా కూర్చుని ఇది రాస్తున్నాను.

వదిన అంటే మా ఆయన అక్కగారు. మద్రాసు మీద బాంబులు పడతాయని జనం మూటాముల్లె కట్టుకుని ఊళ్ళకు పారిపోయిన వేసవిలో ఆమె కూడా చిత్తూరులో మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త, మా అన్నయ్యగారు, ఉద్యోగం విడిచి రాలేక అక్కడే ఉండిపోయారు. అందరూ ఇత్తడి సామాను, వెండి సామాను మోసుకొస్తే ఈమె ఒక ట్రంకుపెట్టె నిండా నవలలు తెచ్చింది. తిరుపతిలో రైలు దిగి కూడా కొండకు పోకుండా నేరుగా వచ్చేసిందని మేమంతా ఆశ్చర్యపోయాం. మెట్లెక్కే ఓపిక లేదంది. ప్రయాణపు బడలిక అనుకున్నాం.

నేను కాలేజీలో చదువుకున్నదాన్ని. పెళ్ళయి ఇద్దరు బిడ్డలు పుట్టాక చాకలి పద్దు తప్ప ఇంకేమీ చదవకుండా బతుకుతున్నదాన్ని. వదిన ట్రంకుపెట్టె తెరిచిన రోజు పాత కాగితం వాసన, కర్పూరం వాసన కలిసి ముఖానికి కొట్టగానే, ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పెట్టెలోని పుస్తకాలు మేమిద్దరం కలిసి చదవడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. మా ఆయన కోర్టుకు వెళ్ళాక పొద్దున వదిన చదవాలి. సాయంకాలం నేను చదవాలి. ఆమె గుర్తు మరువపు రెమ్మ, నా గుర్తు తెల్లదారం. ముందున్నవాళ్ళు వెనకున్నవాళ్ళకు కథ చెప్పకూడదు. వెనకున్నవాళ్ళ గుర్తు దాకా మాత్రమే మాట్లాడుకోవాలి. వంటింట్లో బియ్యం ఏరుతూ, పెరట్లో చింతపండు పిక్కలు తీస్తూ మేము మాట్లాడుకున్న మాటలు వింటే, ఆ నవలలోని మనుషులు మా వీధిలోనే కాపురం ఉంటున్నారని కొత్తవాళ్ళు అనుకునేవారు. ఒకసారి పాలు పోయడానికి వచ్చినామె నిజంగానే అనుకుంది. పాపం, ఆ పిల్లకు ఇప్పుడెట్లా ఉండాదని మరునాడు అడిగింది కూడా.

మధ్యాహ్నం పూట వదిన నా పిల్లలిద్దరినీ చెరో తొడ మీద కూర్చోబెట్టుకుని అదే కథను వాళ్ళకు తగ్గట్టు మార్చి చెప్పేది. నోట్లో ఆకు, వక్క ఎప్పుడూ ఆడుతుండేవి. వేలికొస నాలుకకు అద్ది పుట తిప్పేది. అందుకే ఆ మరకలు.

అప్పుడు చదువుతున్న నవలలో ఒక కోడలు ఉంది. రంగూన్ పోయిన మొగుడు అక్కడే చనిపోయినట్టు ఆమె ఒక్కదానికే తెలుస్తుంది. కొడుకు వస్తాడని ఎదురు చూస్తున్న అత్తకు ఆ మాట చెప్పలేక, రోజూ స్నానం చేసి బొట్టు పెట్టుకుని తిరుగుతుంటుంది. అది తప్పని నేను వాదించాను. తల్లికి ఏడ్చే హక్కు ఉంటుంది, దాన్ని దాచి పెట్టడానికి ఈమె ఎవరన్నాను. వదిన చాటలో బియ్యం ఎగరేసి తవుడు ఊదింది.

"చదువుకున్నదానివి, నీకు న్యాయం కావాల," అంది. "ఆ ముసలామె ఇంకా నాలుగు దినాలు నవ్వుతా ఉంటాది కదమ్మే. ఉండనీ. బరువు మోసేది ఈ పిల్ల కదా."

మా వాదం అక్కడ ఉండగానే ఆ ఏకాదశి వచ్చింది.

పుస్తకం పట్టుకునే పెరట్లోకి వెళ్ళాను. పిల్లలు వీధిలో ఆడుకుంటున్నారు. వదిన బావి పక్కన రాతిపలక మీద కూర్చుని మరువం, కనకాంబరాలు కలిపి మాల కడుతోంది. ఈ రోజు ఆకు వేసుకున్నారా వదినా అని అడిగాను.

"ఏకాదశి నాడు ఎవురన్నా ఏసుకుంటారామ్మే?" అని నవ్వుతూ తలెత్తింది. నా ముఖం చూసింది. తరువాత చేతిలోని పుస్తకం చూసింది. దారం ఆమె వేలికి చుట్టుకుని అలాగే ఉండిపోయింది.

"బిడ్డల్ని నా కాడికి రానీయొద్దు," అంది.

సున్నం ఎక్కువై గొంతు కోసుకుపోయిందని మొదట అనుకుందట. ఉగాదికి ముందు నుంచి ఉమ్మిలో నెత్తురు అప్పుడప్పుడూ కనబడుతోందట. ఆకు వేసుకుంటే ఎవరికీ తెలియదు, తనకూ తెలియదు. ఆమె ఇదంతా మెల్లగా చెబుతుంటే నాకు జాలి కలగలేదు. నా పిల్లలు కూర్చున్న ఆ ఒడినే చూస్తూ నిలబడ్డాను. ఆమె అది గమనించింది. ఒడిలోని పూలను పక్కన పెట్టి, లేచి, నాకు దూరంగా నడిచి, తను పడుకునే వీధిగదిలోకి వెళ్ళిపోయింది.

మా ఆయన కోర్టు నుంచి రాగానే డాక్టరును పిలుచుకొచ్చారు. ఆయన వదినను చూసి, మదనపల్లె దగ్గర క్షయ ఆస్పత్రిలో చోటు దొరికేదాకా వీధిగదిలోనే వేరుగా ఉండమన్నారు. గిన్నెలు వేరు, గుడ్డలు ఉడకబెట్టాలి, ఆమె చదువుతున్న పుస్తకం కాల్చెయ్యాలి. పిల్లల రొమ్ములకు గొట్టం ఆనించి విని, ఇప్పటికి ఏమీ లేదన్నారు. 'ఇప్పటికి' అన్న ఆ ఒక్క మాటను పట్టుకుని ఈ ఏడాది గడిపాను. నెలనెలా వాళ్ళ బరువు చూపిస్తున్నాను. ఆయన నెలనెలా అదే మాట చెబుతున్నారు.

నీళ్ళ పొయ్యిలో పుస్తకం పెట్టేముందు వీధిగది గడప దగ్గరికి వెళ్ళాను. నా దారానికీ ఆమె రెమ్మకూ మధ్య ఏమి జరిగిందో చెప్పమన్నాను. ఇంక నేను చదవలేను కదా. వదిన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జబ్బు బయటపడ్డాక మొదటిసారి నవ్వింది.

"చెప్పను పో. నువ్వింకా ఆడికి రాలేదు కదా."

మా పద్ధతి ఆమె తప్పలేదు. రెమ్మ తరువాతి కథ ఆమెకూ తెలియదు. పుస్తకం కాలుతుంటే కాసేపు మరువం వాసన వచ్చింది.

వదిన మదనపల్లెలో ఉండగా ఇది రెండో వేసవి. మొన్న మద్రాసు వెళ్ళినప్పుడు మా ఆయన వెతికి అదే నవల మరొకటి తెచ్చారు. అది అలమరలో ఉంది. తెరవలేదు. ఆమె వచ్చాక ఇద్దరం కలిసి దారం దగ్గర మొదలుపెట్టాలి. నవలల్లో ఒక ప్రకరణం అయిపోయి ఇంకొకటి మొదలయ్యేలోగా పన్నెండేళ్ళు గడిచిపోతాయి. ఇంట్లో కాలం అలా నడవదు, ఒక దగ్గుకూ ఇంకో దగ్గుకూ మధ్య ఆగి నిలబడుతుంది.

ఆ ఏకాదశి మరునాడు పొద్దున పిల్లలు లేస్తూనే ఎప్పటిలాగే వీధిగది వైపు పరుగెత్తారు. గడప దగ్గర ఇద్దరినీ పట్టుకుని కూర్చోబెట్టాను. లోపల వదిన ముఖం గోడవైపు తిప్పుకుంది. అత్తకు రొమ్ములో జబ్బు చేసిందని, బాగయ్యేదాకా ఈ గడప దాటకూడదని, ఆమె మీద కోపంతో కాదని చెప్పాను. మరి కథ ఎవరు చెప్తారని పెద్దది అడిగింది.

"ఇన్నాళ్ళూ అత్త చెప్పింది, మీరు విన్నారు. పుస్తకం సగంలో పోయింది. మిగతా కథ ఇంక మీరే చెప్పాల, అత్త వింటాది," అన్నాను. "తొందరగా మాత్రం ముగించొద్దండి."