బాత్రూం తలుపు సందులో పెళ్లి పిలుపు

రేపు పొద్దున నాకు కొలనోస్కోపీ, పెద్దపేగులోకి గొట్టం పంపి చూసే పరీక్ష. మలంలో రక్తం పడుతోందని డాక్టరమ్మ రాసిచ్చింది. పేగులు శుభ్రం కావాలని ఈ మధ్యాహ్నం నుంచి ఆ ఉప్పటి, నిమ్మకాయ వాసన మందునీళ్లు జగ్గులతో తాగుతూ, బాత్రూంలోనే కాపురం పెట్టాను.

సరిగ్గా అప్పుడే మా చిన్నమ్మ తన కూతురి పెళ్లికి పిలవడానికి పుంగనూరు నుంచి మదనపల్లెలోని మా ఇంటికి వచ్చింది. బొట్టు పెట్టకుండా కదిలే మనిషి కాదు. పరీక్ష సంగతి చెప్పడానికి సిగ్గేసి, లోపలినుంచే "విరేచనాలు చిన్నమ్మా" అన్నాను. అంతే, ఆమె నేరుగా వంటింట్లోకి దూరింది.

"మెంతులు పెరుగులో కలుపుకోనొచ్చినా. మింగితే దెబ్బకు నిలిచిపోతాది. తలుపు తియ్యమ్మా!"

లోపల నేను, బయట మెంతులు. అవి మింగానంటే ఇంతసేపూ పడ్డ పాట్లన్నీ వృథా. ఇక తప్పక తలుపు చాటు నుంచే ఉన్నదంతా చెప్పేశాను, రక్తం సంగతితో సహా.

బయట గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"నువ్వు బయటికి రావద్దులే. తలకాయ మాత్రం ఇట్లా పెట్టు."

తలుపు సందులోంచి తల బయట పెట్టాను. కుంకుమ పెట్టి, పత్రిక చేతికిచ్చింది.

"పెండ్లికి రావల్ల. రిపోర్టు ఎట్లున్నా రావల్ల."

జవాబు చెప్పేలోపే మళ్లీ తలుపు వేసుకోవాల్సి వచ్చింది. బొట్టు ఇంకా చెరపలేదు. రెండో జగ్గు అట్లాగే ఉంది. ఇది తాగినవాళ్లెవరైనా ఉంటే, గొంతు దిగే ఉపాయం చెప్పండి. మెంతులు తప్ప.